పచ్చసొన తెల్లబోయిందేం, డాక్టరమ్మా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం గుడ్డు లోపలి రంగు గురించే. ముప్పై ఏళ్లు పశువైద్యురాలిగా చేశాను. అందులో ఎక్కువ కాలం అనపర్తి చుట్టుపక్కల లేయర్ (గుడ్ల కోళ్ల) షెడ్లలోను, ఒక దాణా మిల్లు ల్యాబ్‌లోను గడిచింది. కాబట్టి ఈసారి కుక్కలు, గేదెలు కాస్త ఆగాలి. పాలు విరిగిపోతున్నాయని రాసిన చోడవరం పాఠకుడికి వచ్చే నెల తప్పకుండా జవాబిస్తాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మా వీధి చివర షాపులో ట్రే లెక్కన గుడ్లు తెస్తాను. రెండు వారాలుగా ఏ గుడ్డు కొట్టినా పచ్చసొన వెలిసిపోయినట్టుంది. ఆమ్లెట్ వేస్తే ఏది తెల్లసొనో, ఏది పచ్చసొనో తెలియట్లేదు. మా అత్తగారు "ఇవి బలం లేని గుడ్లు, బాబుకి పెట్టకు, నాటుగుడ్లు తెప్పించు" అంటున్నారు. ఒక్క నాటుగుడ్డు డబ్బులతో ఇవి రెండు వస్తాయి. రంగు లేకపోతే నిజంగా బలం ఉండదా? – ఒక గృహిణి, మియాపూర్, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు బాబుకి గుడ్డు మానెయ్యకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

సొనలోని పసుపును కోడి సొంతంగా తయారుచేసుకోలేదు. తిన్న తిండిలో ఉంటే వస్తుంది, లేకపోతే రాదు. ఆ రంగు పదార్థాలను జాంతోఫిల్స్ అంటాం. వాటిలో ముఖ్యమైనవి ల్యూటిన్, జియాజాంతిన్. ఇవి పసుపు మొక్కజొన్నలో ఉంటాయి, బంతిపూలలో దండిగా ఉంటాయి, గడ్డిలో, ఆకుకూరల్లో కూడా ఉంటాయి. ఆకుపచ్చటి గడ్డిలో పసుపు ఎక్కడిదంటారేమో, ఆ ఆకుపచ్చ కిందే దాక్కుని ఉంటుంది. పండుటాకులో బయటపడేది అదే. మన భాషలో గడ్డీ పచ్చే, సొనా పచ్చే. ఆ మాట పెట్టినవాళ్లు ల్యూటిన్ పేరు విని ఉండరు గానీ గురి మాత్రం తప్పలేదు.

మీ ట్రేలో గుడ్లు పెట్టిన కోళ్లు ఈమధ్య మొక్కజొన్న తగ్గించి నూకలు తింటున్నాయి. ఆ షెడ్డు నేను చూడలేదు, అయినా పందెం కాస్తాను. మొక్కజొన్న ధర ఎక్కినప్పుడల్లా దాణాలో మొదట జరిగే మార్పు అదే. ఇథనాల్ ఫ్యాక్టరీలు కూడా మొక్కజొన్న కొనడం మొదలుపెట్టాక కోళ్ల రైతుకి పోటీ ఇంకా పెరిగింది. నూకల్లో పిండిపదార్థానికి లోటు లేదు, కోడి హాయిగా గుడ్డు పెడుతుంది. రంగు మాత్రం సున్నా. జొన్న, సజ్జ, గోధుమ కూడా ఈ విషయంలో ఇంచుమించు అంతే.

తిండి సొనలోకి ఎలా ఎక్కుతుందో నేను కళ్లారా చూసింది తిరుపతి వెటర్నరీ కాలేజీలో. మా సారు ఒక పెట్టకు కొవ్వులో కరిగే ఎర్ర రంగు నింపిన క్యాప్సూల్ ఒకటి మింగించారు. ఆ తర్వాత అది పెట్టిన గుడ్లన్నీ ఉడకబెట్టి, దారంతో సగానికి కోసి, బల్ల మీద తేదీల వరసలో పేర్చమన్నారు. మొదటి గుడ్డులో ఏమీ లేదు. దాని తర్వాతి దాంట్లో సొన అంచు వెంబడి సన్నటి ఎర్ర గీత, గాజు తొడిగినట్టు. ఆ తర్వాతి గుడ్డులో గాజు కాస్త చిన్నదై లోపలికి జరిగింది. అలా రోజురోజుకీ ముడుచుకుంటూ పోయి, వారం దాటాక పెట్టిన గుడ్డులో నడిమధ్య కందిగింజంత ఎర్ర చుక్కగా మిగిలింది. (ఆ గుడ్లు ఎవరం తినలేదు, భయపడకండి.) సొన ఉల్లిపాయలాగా పొర మీద పొర వేసుకుంటూ పెరుగుతుంది. అందులో ఎక్కువ భాగం గుడ్డు బయటికి రాకముందు ఎనిమిది పది రోజుల్లోనే చేరుతుంది. ఏ రోజు తిన్నది ఆ రోజు పొరలోకి వెళ్తుంది. మీ పెనం మీద పాలిపోయి కనిపిస్తున్నది ఆ కోడి గత పది రోజుల భోజనం.

ఇక బలం సంగతి. గుడ్డులోని మాంసకృత్తులకీ సొన రంగుకీ సంబంధం లేదు. విటమిన్ ఎ దగ్గర చాలామంది పొరబడతారు. పసుపు అంటే క్యారెట్టు, క్యారెట్టంటే విటమిన్ ఎ అని లెక్క కడతారు. క్యారెట్టులోని బీటా కెరోటిన్‌ను కోడి చాలామటుకు విటమిన్ ఎ కింద మార్చేసుకుంటుంది, ఆ విటమిన్ సొనకు చెప్పుకోదగ్గ రంగేమీ ఇవ్వదు. అందుకే క్యారెట్లు పెట్టి సొన ఎర్రబడుతుందని ఎదురుచూసేవాళ్లకు నిరాశే. ఫారం దాణాలో విటమిన్లు ప్రీమిక్స్ పొడిగా విడిగా పడతాయి. నూకలు తిన్నా, మొక్కజొన్న తిన్నా ఆ పొడి మారదు.

తేడా ఒకటి ఉంది, దాచను. ల్యూటిన్, జియాజాంతిన్ మన కంటి రెటీనాలో కూడా చేరతాయి. గుడ్డులో కొవ్వుతో కలిసి ఉంటాయి కాబట్టి ఒంటికి బాగా పడతాయి. పాలిపోయిన సొనలో అవి తక్కువ. దానికోసం గుడ్డు మార్చక్కర్లేదు, వారంలో రెండు మూడు రోజులు తోటకూర పప్పు చెయ్యండి.

అత్తగారిని మరీ తోసిపుచ్చకండి. ఆవిడ కాలంలో సొన ఎర్రగా ఉందంటే కోడి పెరట్లో తిరిగి గడ్డీ గాదం, పురుగూ పుట్రా తిన్నదని అర్థం. అలా తిరిగిన కోడి గుడ్డులో విటమిన్ ఇ, ఒమేగా-3 కొవ్వులు కాస్త ఎక్కువే ఉండొచ్చు. ఇప్పుడు చిక్కేమిటంటే ఆ రంగు విడిగా పొడిగా కూడా దొరుకుతోంది. కోడి గుమ్మం దాటకపోయినా సొన మాత్రం ఊరంతా తిరిగొచ్చినట్టు ఉంటుంది. పెంకు రంగునైతే అసలే నమ్మకండి, అది జాతిని బట్టి వస్తుంది. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వారి గ్రామప్రియ పెట్ట గోధుమ రంగు గుడ్డు పెడుతుంది, ఫారాల్లోని తెల్ల లెగ్‌హార్న్ తెల్ల గుడ్డు పెడుతుంది. తెల్ల గుడ్లనే టీ డికాషన్‌లో ముంచి నాటుగుడ్లుగా అమ్మేవాళ్లూ ఉన్నారు. తడిగుడ్డతో గట్టిగా రుద్ది, గుడ్డకి మరక అంటుతుందేమో చూసుకోండి.

ప్రశ్న: మేడమ్, ఏలూరు దగ్గర నాకు 6,000 లేయర్లు ఉన్నాయి. దాణాలో సగం మొక్కజొన్న తీసి నూకలు కలిపాను. గుడ్ల సంఖ్య తగ్గలేదు. కానీ బేకరీలకు గుడ్లు వేసే వ్యాపారి సొన తెల్లగా ఉందని ధర కోస్తున్నాడు. ఒక ఏజెంటు పసుపు పొడి ఒకటి, ఎర్ర పొడి ఒకటి పట్టుకొచ్చాడు. ఎర్ర పొడి ప్యాకెట్ మీద ఏ పేరూ లేదు. వెయ్యనా వద్దా, వేస్తే ఎంత? కొందరు క్యాన్సర్ వస్తుందంటున్నారు, టెన్షన్‌గా ఉంది. – ఒక కోళ్ల రైతు

జవాబు: తమ్ముడూ, ఆ వ్యాపారి తప్పేం లేదు. నేను మిల్లులో ఉన్నప్పుడు మేం కూడా ఇలాగే నూకలు కలిపితే, వారం తిరక్కుండా ఒక బేకరీ ఆయన ఫోన్ చేసి "అమ్మా, నా కేకు సున్నం కొట్టినట్టుంది" అని మొత్తుకున్నాడు. అప్పట్నుంచి బల్ల మీద యోక్ ఫ్యాన్ లేకుండా నేను దాణా ఫార్ములా మార్చలేదు.

యోక్ ఫ్యాన్ అంటే విసనకర్రలా విచ్చుకునే ప్లాస్టిక్ రేకుల కట్ట. స్విట్జర్లాండ్‌కి చెందిన రోష్ కంపెనీ తెచ్చినదాంట్లో 15 రేకులు ఉండేవి, ఇప్పుడు 16 ఉన్నవి కూడా వస్తున్నాయి. ఒకటో నంబరు ఎండు మొగలిరేకు రంగు, చివరిది పండిన తాటిపండు గుజ్జు రంగు. గుడ్డు పళ్లెంలో కొట్టి, సొన పక్కన రేకు పట్టి, పైనుంచి పగటి వెలుతురులో చూడాలి. ట్యూబులైటు కింద చూస్తే అందరం మోసపోతాం.

లెక్క చూద్దాం. కిలో మంచి పసుపు మొక్కజొన్నలో జాంతోఫిల్స్ సుమారు 20 మిల్లీగ్రాములు. దాణాలో అది సగానికి కొంచెం పైన ఉంటే కిలో దాణాకు 11 మిల్లీగ్రాముల దాకా పడుతుంది. దాంతో మా ల్యాబ్‌లో ఫ్యాన్ మీద 7 అటూ ఇటూ వచ్చేది. మీరు సగం తీసేశారు కాబట్టి ఇప్పుడు 5, 6 మిల్లీగ్రాములే పడుతోంది. ఆ లోటు పూడ్చడానికి బంతి పొడి, అంటే బంతిపూల నుంచి తీసే పసుపు రంగు పొడి చాలు. సాధారణంగా దొరికే పొడిలో జాంతోఫిల్స్ 2 శాతం. అది టన్ను దాణాకు పావు కిలో కలిపితే కిలో దాణాకు 5 మిల్లీగ్రాములు చేరుతుంది. ప్యాకెట్ మీద శాతం చూసి లెక్క మార్చుకోండి, ఏజెంటు నోటి లెక్క వద్దు. కలిపిన మూడు నాలుగు రోజులకు తేడా మొదలవుతుంది, పూర్తి రంగు రావడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. రెండో రోజే గుడ్డు కొట్టి చూసి "పనిచెయ్యట్లేదు" అని మోతాదు రెట్టింపు చేసేవాళ్లను చాలామందిని చూశాను.

పసుపు ఎంత పోసినా సొన ముదురు పసుపు దగ్గర ఆగిపోతుంది. నారింజ కావాలంటే ఎరుపు పడాలి. అది రెండు రకాలుగా వస్తుంది: మిరప నుంచి తీసే క్యాప్సాంతిన్, ఫ్యాక్టరీలో తయారయ్యే క్యాంథాజాంతిన్. ఈ రెండోదాని మీదే భయాలన్నీ. ఒకప్పుడు విదేశాల్లో ఎండలో తిరగకుండానే ఒంటికి రంగు రావాలని దీన్ని బిళ్లలుగా మింగేవారు, అలా ఎక్కువగా మింగినవాళ్లలో కొందరికి కంటి రెటీనాలో సన్నటి స్ఫటికాలు కనిపించాయి. అందుకే 2003లో యూరోపియన్ యూనియన్ లేయర్ దాణాలో దీని పరిమితిని కిలోకు 80 నుంచి 8 మిల్లీగ్రాములకు దించింది. ఆ హద్దులో వాడితే గుడ్డు తినేవాళ్లకు ముప్పు లేదనే లెక్క.

కానీ మీ ఏజెంటు తెచ్చిన పేరు లేని ఎర్ర పొడి ఉంది చూశారూ, దాన్ని షెడ్డు గుమ్మం కూడా దాటనివ్వకండి. 2006లో చైనాలో ఎర్ర సొన బాతుగుడ్లు అమ్ముకోవడానికి బాతుల మేతలో సుడాన్ రంగులు కలిపారు. నేలకు పూసే మైనానికీ, బూట్ పాలిష్‌కీ వాడే రంగులవి. ఆ గుడ్లు మార్కెట్ల నుంచి తీసి ధ్వంసం చెయ్యాల్సి వచ్చింది. కొవ్వులో కరిగే ఏ రంగైనా సొనలోకి ఎక్కుతుంది, మంచిదో చెడ్డదో కోడి చూడదు. అయినా బేకరీకి కావలసింది పసుపు. ఎరుపు మీకు అవసరమే లేదు.

డబ్బు పెట్టే ముందు ఇంకో రెండు చూడండి. ఏడాది నిలవున్న మొక్కజొన్నలో రంగు చాలావరకు పోతుంది, కాబట్టి పాత సరుకు చవకని కొంటే రంగు దగ్గర నష్టపోతారు. బంతి పొడి కలిపి రెండు వారాలైనా ఫ్యాన్ మీద కదలిక లేకపోతే పొడిని తిట్టకుండా రెట్టలు పరీక్ష చేయించండి. నులిపురుగులు, కాక్సిడియా అనే సూక్ష్మజీవులు పేగును పాడుచేసినా, దాణాలో బూజు విషం ఉన్నా రంగు ఒంటికి పట్టదు. సొన పాలిపోవడం ఒక్కోసారి రోగానికి మొదటి కబురు. గుడ్లు తగ్గడం ఆ తర్వాత మొదలవుతుంది.

బంతిపూలు సొంతంగా ఎండబెట్టుకుంటే కుదరదా అని మీ పక్కవాళ్లెవరో అడిగారని రాశారు. వంద కోళ్ల వరకైతే కుదురుతుంది. రేకలు నీడలో ఆరబెట్టి, పొడి కొట్టి, వంద కోళ్లకు రోజుకు 20 గ్రాములు దాణాలో కలిపి చూడండి. ఎర్రటి ఎండలో పెడితే రంగు ఎగిరిపోతుంది. దసరా వెళ్లాక కడియం పూల మార్కెట్లో మిగిలినవి చవగ్గా దొరుకుతాయి కదా అని మాత్రం తేవద్దు. వాటి మీద ఏ మందు ఎన్నిసార్లు కొట్టారో అమ్మేవాడికీ తెలియదు. సుబాబుల్ ఆకు పొడి కూడా రంగిస్తుంది గానీ అందులో మైమోసిన్ అనే విషం ఉంది. దాణాలో 5 శాతం దాటితే గుడ్లు పడిపోతాయి. 6,000 కోళ్లకు ఈ ఇంటి వైద్యాలు పనికిరావు, పొడే కొనుక్కోండి.

ఒక సరదా సంగతి చెప్పి వదిలేస్తాను. మొక్కజొన్న బాగా పడే మందలో ఒక పెట్టను పట్టుకుని కాళ్లు, ముక్కు చూడండి. గుడ్లు పెడుతున్న పెట్ట ఒంటికి చేరాల్సిన పసుపునంతా సొనకే ధారపోస్తుంది. మొదట రెట్ట ద్వారం చుట్టూ, తర్వాత కంటి చుట్టూ, ఆ తర్వాత ముక్కు, చివరికి కొన్ని నెలలకు కాళ్లూ తెల్లబడతాయి. అందరి కాళ్లూ పాలిపోయి ఒక్కదాని కాళ్లు మాత్రం పసుపు రాసుకున్నట్టు మెరుస్తున్నాయంటే, అది మీ దాణా తిని ఊరికే కూర్చుంటోంది. మా మిల్లుకి వచ్చే ఒక పెద్దాయన బోనుల వరసలో నడుస్తూ, చెయ్యి కూడా పెట్టకుండా ఏది పెడుతోందో, ఏది పెట్టట్లేదో చెప్పేసేవాడు. ఆయన చూసేది కాళ్లే.

ప్రశ్న: మాకు పన్నెండు నాటుకోళ్లు, రెండు బర్రెలు ఉన్నాయి. బర్రెలకు దాణా వాకిట్లోనే పెడతాం. పక్షం రోజులుగా గుడ్డు కొడితే సొన మురికి ఆకుపచ్చగా ఉంటోంది. పది రోజులు దాచిన గుడ్డయితే ఇంకా నల్లగా, తెల్లసొన గులాబీ రంగులో. మా ఇంట్లో ఎవరో ఏదో చేశారంటున్నారు. భయమేస్తోంది. – వరంగల్ జిల్లా నుంచి ఒక సోదరి

జవాబు: అక్కా, చేసినవాళ్లు మీ వాకిట్లోనే ఉన్నారు. బర్రెల దాణాలో పత్తి చెక్కో, పత్తిగింజలో ఉండి ఉంటాయి. అవునా, కాదా? కోళ్లు ఆ తొట్టి దగ్గర ఏరుకుని తింటున్నాయి. పత్తిగింజలో గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది. అది సొనలోని ఇనుముతో కలిసి ఆ ముదురు ఆకుపచ్చ రంగు తెస్తుంది, గుడ్డు నిలవ ఉన్నకొద్దీ ముదురుతుంది. తెల్లసొన గులాబీ రంగుకి తిరగడం కూడా పత్తిగింజ నూనెలోని ఒక రకం కొవ్వు పనే. ఈ రెండూ కలిసి కనిపిస్తే నాకు వేరే పరీక్ష అక్కర్లేదు. ఎదిగిన బర్రె పొట్టలో గాసిపాల్ ప్రభావం చాలామటుకు పోతుంది, కోడికి ఆ సౌకర్యం లేదు. తొట్టి మీద మూత పెట్టండి, లేదా బర్రెలు తినేదాకా కోళ్లను కమ్మేసి ఉంచండి. రెండు మూడు వారాల్లో సొన మామూలుకు వస్తుంది. రంగు తిరిగిన గుడ్లు వండకండి. భూతవైద్యుడికి ఇవ్వాలనుకున్న డబ్బుతో మొక్కజొన్నలు కొని చల్లండి.

ప్రశ్న: షికాగోలో ఉంటాం. ఇక్కడ 'బయట మేసిన కోళ్ల గుడ్లు' అని ఖరీదైన డబ్బాలో వస్తాయి. సొన నారింజ రంగులో ఉంటుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మ అచ్చం నాటుగుడ్డే అంది. అంత డబ్బు పెట్టొచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: బాబూ, మంచు కురిసే జనవరిలో కొన్న డబ్బాలో సొన ఎలా ఉందో చూడు. జూన్‌లో ఉన్న రంగే జనవరిలోనూ ఉంటే అది గడ్డి నుంచి వచ్చింది కాదు, దాణా సంచిలోంచి వచ్చింది. బంతి, మిరప అక్కడి దాణాల్లో కూడా వేస్తారు. జర్మనీలో జనం ఫ్యాన్ మీద 12 నుంచి 14 దాకా ఉంటేనే మంచి గుడ్డంటారు. జపాన్‌లో బియ్యం మేపిన కోళ్ల గుడ్లని, దాదాపు తెల్లగా ఉన్న సొననే ప్రత్యేకమని అమ్ముకుంటారు. మియాపూర్ సోదరి వద్దంటున్న గుడ్డు అదే మరి! కోడి తిరిగే జాగా కోసం డబ్బు పెడతానంటే పెట్టు, రంగు కోసమైతే వద్దు.

ప్రశ్న: ఉడికించిన గుడ్డులో సొన చుట్టూ బూడిద రంగు పచ్చటి వలయం వస్తోంది. కోడి తిండి వల్లేనా? – భీమవరం

జవాబు: కాదు, మీ పొయ్యి వల్ల. ఎక్కువసేపు ఉడికితే తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి ఆ వలయం ఏర్పడుతుంది. తింటే ఏమీ కాదు. మరగడం మొదలయ్యాక పది నిమిషాల్లో దించి చన్నీళ్లలో వెయ్యండి.

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. తాతయ్య కల్లంలో ఎండుమిరపకాయలు ఆరబోస్తే మా కోళ్లు వచ్చి తింటాయి. వాటికి నోరు మండదా? మిరపకాయ తింటే సొన ఎర్రగా అవుతుందని మా ఫ్రెండ్ అంటున్నాడు, నిజమేనా?

జవాబు: నాకు ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఇదే మంచిది. మండదమ్మా. మిరపలో మంట పుట్టించేది క్యాప్సైసిన్. మన నాలుక మీద దాన్ని పట్టుకునే ఒక గ్రాహకం ఉంది, దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. పక్షుల్లో కూడా అలాంటిదే ఉంటుంది గానీ అది క్యాప్సైసిన్‌ను పట్టించుకోదు. అందుకే చిలకలు పచ్చిమిరపకాయలు హాయిగా కొరుకుతాయి.

మీ ఫ్రెండ్ చెప్పిందీ నిజమే. మంట వేరు, రంగు వేరు. మీ ఊరి తేజ రకంలో ఘాటు ఎక్కువ, కర్ణాటక బ్యాడగిలో ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. కోడికి ఘాటుతో పని లేదు, ఎరుపు మాత్రం సొనలోకి వెళ్తుంది. నువ్వే చేసి చూడు. ఒక పెట్టను విడిగా పెట్టి, రోజూ దాని మేతలో చిటికెడు కారం కలుపు. మొదటి రోజు గుడ్డు, పన్నెండో రోజు గుడ్డు పక్కపక్కన కొట్టి చూడు. బూజు పట్టిన కాయలు మాత్రం వెయ్యకు, వాటిలో విషం ఉంటుంది. కల్లం చుట్టూ ఒక పాత వల కట్టమని తాతయ్యకు చెప్పు, కోళ్లు కాయలు తినడం కంటే వాటి మీద రెట్టలు వెయ్యడం పెద్ద గొడవ. ఇంకొకటి, తాలుకాయలు ఎలాగూ అమ్ముడుపోవు కదా అని వాటితో చెయ్యబోకు. వాటిలో రంగే ఉండదు. ఎర్రటి కాయలే కావాలి. అవి కోడికి ఇస్తారో లేదో తాతయ్యను నువ్వే అడగాలి.